తప్పు మనది కాకుండా ఈసీయూ కొనే పద్ధతి

పాత హోండా సిటీ వీటెక్‌కి టర్బో తగిలించారు. 2000ల మొదట్లో 106 హార్స్‌పవర్‌తో కుర్రకారును ఊపేసిన బండి అది. ఇప్పుడు మీకు అంతకు రెట్టింపు కావాలి. కంపెనీ ఈసీయూకి, అంటే ఇంజనును నడిపే కంప్యూటర్‌కి, టర్బో సంగతి తెలియదు, ఆ గాలికి తగ్గ పెట్రోలు లెక్క దాని దగ్గర లేదు. కాబట్టి బయట ఇంకో ఈసీయూ కొనాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే.

ఎలా కొనాలో అడిగితే మాత్రం చాలామంది పక్కదారి పట్టిస్తారు. మాన్యువల్ చదవమంటారు, వైర్లు లెక్కపెట్టమంటారు, బండి శక్తిని కొలిచే డైనోకి తీసుకెళ్లమంటారు. అంత చాకిరీ ఎవరు చేస్తారు? మంచి ఈసీయూకి గుర్తు ఒక్కటే: ఇంజను పోయినా మన పేరు పోకూడదు. అలాంటిదాన్ని ఒళ్లు అలవకుండా ఎంచుకునే పద్ధతి ఇదిగో.

1. ముందు కొనండి, తర్వాత లెక్కపెట్టండి

ఈసీయూ ఏమేం నడపాలో కొందరు కాగితం మీద రాసుకుంటారు. నాలుగు ఇంజెక్టర్లు, ఇగ్నిషన్, ఫ్యూయల్ పంపు, రేడియేటర్ ఫ్యాను, ఐడిల్ వాల్వు, ఏసీ కంప్రెసర్, వీటెక్ సోలినాయిడ్, ఆర్‌పీఎం మీటరు. ఇలా రాస్తే చిన్న బాక్సు చాలదని తేలిపోతుంది, జేబుకి చిల్లు పడుతుంది. రాయకండి. చిన్నదే కొనండి. ఫ్యానుకి అవుట్‌పుట్ మిగలకపోతే డాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెట్టించి, ట్రాఫిక్‌లో మీరే వేసుకోండి. వేయడం మర్చిపోయిన రోజున హెడ్ గాస్కెట్ పోతుంది. అది స్విచ్ తప్పు. ఐడిల్ వాల్వుకి అవుట్‌పుట్ లేకపోతే ఏసీ వేయగానే సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. రేసు బండికి ఏసీ దేనికని ఎదురు ప్రశ్న వేయండి.

2. మీ ట్యూనర్ ఎన్నడూ చూడని బ్రాండు ఎంచుకోండి

మోటెక్, హాల్టెక్ ఆస్ట్రేలియావి. లింక్ న్యూజిలాండ్‌ది. ఈసీయూమాస్టర్ పోలండ్‌ది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని సొంతంగా చేసుకునేవాళ్ల కోసం అమెరికాలో మెగాస్క్విర్ట్ పుట్టింది. వీటిలో ఏది కొనాలన్న ప్రశ్నకి, మీ ఊళ్లో ట్యూనర్ రోజూ ఏ సాఫ్ట్‌వేర్‌తో పని చేస్తున్నాడో అడిగితే చాలు, జవాబు దొరికిపోతుంది. అందుకే అడగకండి. చేయి తిరిగినవాడు అలవాటైన సాఫ్ట్‌వేర్‌లో పని తొందరగా ముగిస్తాడు. పని ముగిశాక బండి బాగోకపోతే నింద మీ మీదికే వస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ అయితే మెనూలు వెతుక్కుంటూ అతను నెలలు గడుపుతాడు. అన్నాళ్లూ మీ బండి “ట్యూనింగ్‌లో ఉంది”. అంతకు మించిన గౌరవం లేదు.

3. ఫీచర్ల పేర్లు చూసి మనసు పారేసుకోండి

లాంచ్ కంట్రోల్ ఉందా? యాంటీ లాగ్ ఉందా? సైలెన్సర్‌లోంచి మంటలు వస్తాయా? ఈ మూడు అడిగితే చాలు. యాంటీ లాగ్ అంటే పెట్రోలు సిలిండర్‌లో కాకుండా ఎగ్జాస్ట్‌లో మండి టర్బోను తిప్పడం. ఆ వేడికి టర్బో, ఎగ్జాస్ట్ వాల్వులు తొందరగా పోతాయి. ర్యాలీ టీములు టర్బోలు మార్చుకుంటూ పోతాయి కాబట్టి వాడతాయి. మీరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాడండి. ఐడిల్ కుదురుగా ఉందా, పొద్దున్నే ఒక్క కీకి స్టార్ట్ అవుతుందా అన్నవి ముసలివాళ్లు అడిగే ప్రశ్నలు.

4. ధర తగ్గించాలంటే పిగ్గీబ్యాక్ పెట్టండి

పిగ్గీబ్యాక్ కంపెనీ ఈసీయూని తీసేయదు. సెన్సర్లకీ దానికీ మధ్య కూర్చుని అంకెలు మార్చి చెబుతుంది. బుద్ధిమంతులు దీన్ని చిన్న మార్పులకే పెడతారు. మీరు పెద్ద టర్బోకి పెట్టండి. కంపెనీ ఈసీయూ కూడా తెలివైనదే. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ, మీరు పెంచిన పెట్రోలును మెల్లగా మళ్లీ తగ్గించేస్తుంది. మొదటి వారం పికప్ అదిరిపోతుంది, తర్వాత మామూలైపోతుంది. ఆ మొదటి వారంలోనే వీడియోలు తీసి పెట్టుకోండి.

5. కొత్త బండికి పాత బాక్సు పెట్టండి

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో ఇంజను ఈసీయూ, ఏబీఎస్, మీటరు, గేరుబాక్సు అన్నీ క్యాన్ అనే డేటా లైను మీద మాట్లాడుకుంటాయి. ఆ భాష రాని ఈసీయూ పెడితే మీటరులో ఉన్న లైట్లన్నీ దీపావళి చేసుకుంటాయి. కంగారు పడకండి, మీటరు మీద నల్లటి టేపు అతికించండి. బండికి తగ్గ ప్లగ్-ఇన్ ఈసీయూలు కొన్ని మోడళ్లకి దొరుకుతాయి కానీ, సులువుగా కూర్చునేదాన్ని కొంటే నలుగురికి చెప్పుకోవడానికి కష్టం ఏం మిగులుతుంది?

6. మ్యాప్ సెన్సర్ విషయంలో పొదుపు చేయండి

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఎంత ఒత్తిడి ఉందో మ్యాప్ సెన్సర్ చెబుతుంది. ఒక బార్ సెన్సర్ బయటి గాలి ఒత్తిడి వరకే చదువుతుంది, అంటే దాదాపు 100 కిలోపాస్కల్. టర్బో 0.7 బార్ నొక్కితే లోపల 170 ఉంటుంది, సెన్సర్ మాత్రం 100 దగ్గరే ఆగి నిలబడుతుంది. టర్బో నొక్కుతోందని ఈసీయూకి తెలియదు, పెట్రోలు పెంచదు, ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించదు. మూడు బార్ సెన్సర్‌కి ఇంకాస్త డబ్బు పెట్టాలి. ఆ డబ్బుతో స్టిక్కర్లు వేయించండి. బానెట్ మీద టర్బో స్టిక్కర్ ఉంటే సెన్సర్ చూడకపోయినా జనం చూస్తారు.

7. వైడ్‌బ్యాండ్ కొనకండి, ముక్కు వాడండి

పెట్రోలుకి సరైన గాలి నిష్పత్తి 14.7. టర్బో నొక్కేటప్పుడు 12 దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి దింపాలి. బండితో వచ్చే పాత రకం ఆక్సిజన్ సెన్సర్ 14.7కి అటో ఇటో మాత్రమే చెప్పగలదు. 12ని 13.5 నుంచి వేరు చేయాలంటే బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 లాంటి వైడ్‌బ్యాండ్ సెన్సర్, దానికో కంట్రోలరు కావాలి. అవి ఉంటే బండి పెట్రోలు చాలక లీన్‌గా నడుస్తోందని అంకెలో కనబడుతుంది. కనబడితే ఏదో ఒకటి చేయాలి. కనబడకపోతే ఏమీ చేయనక్కర్లేదు. సైలెన్సర్ దగ్గర నిలబడి వాసన చూసి, “కొంచెం రిచ్‌గా ఉంది” అనండి. ఎవరూ కాదనరు. మన బంకుల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, ఇథనాల్‌కి నిష్పత్తి సుమారు 9. కాబట్టి కలిపినదానికి 14.7 వర్తించదు. ఈ లెక్క మీ జోలికి రానీయకండి.

8. బేస్ మ్యాపుతోనే బతకండి

ఇది అన్నిటికంటే విలువైన చిట్కా, నెమ్మదిగా చదవండి. కొత్త ఈసీయూతో పాటు బేస్ మ్యాపు అనే ఫైలు వస్తుంది. ఇంజను స్టార్ట్ అయి, ట్యూనర్ దగ్గరికి చేరడానికి పనికొచ్చే ఉజ్జాయింపు అంకెలు అందులో ఉంటాయి. మీ ఇంజెక్టర్లు ఎంత పోస్తాయో, మీ క్యామ్ ఏమిటో, మీ టర్బో ఎంతదో దానికి తెలియదు. అయినా బండి స్టార్ట్ అవుతుంది! స్టార్ట్ అయిందంటే ట్యూనింగ్ అయిపోయినట్టే. ల్యాప్‌టాప్ మూసేయండి.

కొందరు ఇంకా రెండు పనులు చెబుతారు. ఒకటి, క్రాంక్ పుల్లీ మీద టైమింగ్ లైటు వేసి, ఈసీయూ పది డిగ్రీలు అన్నప్పుడు ఇంజను కూడా పది డిగ్రీల దగ్గరే ఉందో లేదో సరిచూడటం. ఇంజను ఎక్కడుందో ఈసీయూకి చెప్పేది ఒక పళ్ల చక్రం. కొన్ని బళ్లలో 60 పళ్లలో రెండు తీసేసిన చక్రం ఉంటుంది, కొన్నింటిలో 36లో ఒకటి తీసేసినది. ఖాళీ ఎక్కడుందో ఈసీయూకి తప్పుగా చెబితే టేబుల్లో ఉన్న ప్రతి అంకె అబద్ధం అవుతుంది. రెండోది, ఇంజెక్టర్ డెడ్ టైమ్ నింపడం. కరెంటు తగిలాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి దాదాపు ఒక మిల్లీసెకండు పడుతుంది, బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ. ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండేదే రెండు మూడు మిల్లీసెకండ్లు కాబట్టి ఈ అంకె తప్పితే హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ఐడిల్ ఊగుతుంది. ఊగనివ్వండి. “రేస్ క్యామ్ వేశాం కదా, అలాగే ఉంటుంది” అనండి. మీ బండిలో రేస్ క్యామ్ లేకపోయినా ఈ మాట పని చేస్తుంది.

9. డైనో చీటీ కోసం ఒక పెట్రోలు, రోడ్డుకి ఒక పెట్రోలు

తప్పక డైనోకి వెళ్లాల్సి వస్తే ట్యాంకులో 100 ఆక్టేన్ పోయించుకుని వెళ్లండి. ఇండియన్ ఆయిల్ దాన్ని 2020 చివర్లో ఎక్స్‌పీ100 పేరుతో తెచ్చింది. దాని మీద టైమింగ్ బాగా ముందుకు జరిపించుకుని, పెద్ద అంకె ఉన్న చీటీ తెచ్చుకోండి. ఇంటికొచ్చాక మామూలు పెట్రోలు పోయించండి. ఆ టైమింగ్‌కి అది ఆగదు, లోపల నాకింగ్ మొదలవుతుంది. మ్యూజిక్ సిస్టమ్ సౌండు పెంచండి.

10. రక్షణ సెట్టింగులన్నీ ఆపేయండి

మంచి ఈసీయూ ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఇంజను ఆపేస్తుంది, బూస్టు హద్దు దాటితే పెట్రోలు కోస్తుంది, లీన్ అయితే శక్తి తగ్గిస్తుంది. పక్కన స్నేహితులు కూర్చున్నప్పుడు బండి ఇలా గునిస్తే పరువు పోతుంది. అన్నీ ఆఫ్ చేయండి. లాగింగ్ కూడా ఆపండి. లాగ్ అనేది రేపు మీకే ఎదురు సాక్ష్యం చెప్పే ఫైలు.

11. వైరింగ్ కారు స్టీరియో పెట్టేవాడికి ఇవ్వండి

సెన్సర్ల ఎర్త్ విడిగా ఈసీయూకే పోవాలి, కాయిళ్ల ఎర్త్ ఇంజను బ్లాకుకి పోవాలి. మీరు అన్నీ కలిపి ఒకే బోల్టుకి బిగించమనండి, పని తొందరగా అవుతుంది. జాయింట్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిస్తే చాలు. బాక్సుని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే కట్టించండి, వైరు తక్కువ పడుతుంది.

12. పాస్‌వర్డు అడగకండి

ట్యూనర్ మ్యాపుకి తాళం వేసి ఇస్తానంటే సంతోషంగా ఒప్పుకోండి. ఫైలు కాపీ కూడా తీసుకోవద్దు. అతను షాపు ఎత్తేసిన రోజున మీ ఈసీయూలో ఒక్క అంకె కూడా ఎవరూ మార్చలేరు. మార్చలేనిదాన్ని సరిచేయమని మిమ్మల్ని ఎవరడుగుతారు?

13. సర్వీస్ సెంటర్‌కీ చట్టానికీ ఒకే ముఖం చూపించండి

వారంటీ ఉన్న బండి అయితే సర్వీసుకి ముందురోజు బాక్సు పీకేయండి. కొన్ని కంపెనీల ఈసీయూల్లో సాఫ్ట్‌వేర్ మార్చిన గుర్తు లోపలే నిలిచిపోతుంది, వాళ్లు కంప్యూటర్ పెట్టగానే బయటపడుతుంది. పడితే, బండి వానలో తడిసిందని చెప్పండి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిలో మార్పులకి హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆపినప్పుడు “బండి బావమరిదిది సార్” అనండి. బావమరిదికి ముందుగా చెప్పనక్కర్లేదు.

14. మద్దెల ముందే సిద్ధం చేసుకోండి

ఆడలేనివాడికి ఓటి మద్దెల ఒకటి ఎదురుగా ఉండాలి. ఇంజను విప్పే రోజుకి మీ దగ్గర కనీసం నాలుగు ఉండేలా చూసుకోండి. ఆ రోజు ఇలా ఉంటుంది: మెకానిక్ మూడో సిలిండర్ ప్లగ్గు తీసి, గుడ్డతో తుడిచి, మీ కళ్ల ముందు పెడతాడు. తెల్లటి పింగాణీ మీద మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం బిందువులు. ఆ అల్యూమినియం మీ పిస్టన్‌ది. పిస్టన్ బయటికి తీస్తే రెండు రింగుల మధ్య గోడ విరిగి ఉంటుంది.

“అన్నా, ఇది నాకింగే. టైమింగ్ ఎవరు పెట్టారు?”

“పెట్రోలు కల్తీ తమ్ముడూ.”

ఇది మొదటి మద్దెల. కాదంటే “ప్లగ్గులు డూప్లికేటు.” దాన్నీ కాదంటే “కంపెనీ పిస్టన్లే బలహీనం, ఫోర్జ్‌డ్ వేయించాల్సింది.” చివరిది, అన్నిటికంటే గట్టిది: “ఈ ఈసీయూ అంతే, నేను ముందే చెప్పా.” కొన్నది మీరే అని అప్పటికి ఎవరికీ గుర్తుండదు. విరిగిన పిస్టన్ కడిగించి టేబుల్ మీద పెన్నుల స్టాండుగా పెట్టుకోండి. చూసినవాళ్లు మిమ్మల్ని రేసర్ అనుకుంటారు.

15. అమ్మకం ప్రకటనలో నాలుగు మాటలు చాలు

“టర్బో బిల్డ్. స్టాండలోన్ ఈసీయూ. అన్నీ కొత్తవే. ట్యూనింగ్ ఒక్కటే మిగిలింది.” ఇంజను లోపలి సంగతి రాయకండి, ట్యూనింగ్‌లో అదీ భాగమే. పెట్టిన ఖర్చంతా ధరలో కలపండి, స్టిక్కర్ల డబ్బుతో సహా. డైనో చీటీ ఫోటో తప్పకుండా పెట్టండి, ఏ పెట్రోలు మీద తీశారో చెప్పకండి. కొనేవాడు స్టార్ట్ చేసి చూపించమంటే బ్యాటరీ దిగిపోయిందనండి. అడ్వాన్సు తీసుకున్నాక ఫోన్ వస్తే పాత ట్యూనర్ నంబరు ఇవ్వండి. బేస్ మ్యాపు ఫైలు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, తర్వాతి బండికి అదే వేసుకోవచ్చు.