ఒక్క గడి

ఎంసెట్ ర్యాంకులకి అలవాటుపడ్డ తల్లిదండ్రులకి అమెరికా యూనివర్సిటీల పద్ధతి ఓ పట్టాన మింగుడుపడదు. మన దగ్గర ర్యాంకు చెప్తే చాలు, కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎంతవరకు వెళ్లిందో చూసి సీటు సంగతి తేల్చేస్తాం. అక్కడ ర్యాంకుల జాబితాయే ఉండదు. 2024లో హార్వర్డ్‌కి 54 వేల మంది దరఖాస్తు పెడితే రెండు వేల మందికి కూడా సీటు దక్కలేదు. మార్కులు గేటు దాటిస్తాయి, అంతే. ఆ తర్వాత పిల్ల ఏం చేసింది, ఎలాంటి ఇంట్లో పెరిగింది, ఉన్న వసతులతో ఎంతవరకు రాగలిగింది, అన్నీ కలిపి చూస్తారు. అందుకే "ఎంత శాతం ఛాన్సుందండీ?" అంటే నేను అంకె చెప్పను. వందకి మూడూ నాలుగూ అన్నది దరఖాస్తు పెట్టినవాళ్లందరి లెక్క, నా ఎదురుగా కూర్చున్న పిల్ల లెక్క కాదు. డబ్బు తీసుకుని ఆ అంకె చెప్పేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

డిసెంబరులో కూకట్‌పల్లి నుంచి ఓ కుటుంబం వచ్చింది. తండ్రి సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, కూతురు పన్నెండో తరగతి. శుక్లాల ఆపరేషన్‌కని తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చిన తాతగారిని ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చారు. నల్లకళ్లద్దాలతో ఆయన మూల కుర్చీలో కూర్చున్నారు.

అమ్మాయి నాకు బాగా నచ్చింది. తమ అపార్ట్‌మెంట్ బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో వారం వారం కొలిచి నోటుబుక్కులో రాసుకుంటోంది. ఏ నెల ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో పక్క గడిలో వేసుకుంది. ఎవరో చెప్తే మొదలుపెట్టిన పని కాదది. దరఖాస్తుతో పంపే వ్యాసం దాని మీదే రాయమన్నాను. ఫీజు సాయం అడగాలా వద్దా అన్నది తండ్రి బెంగ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్నిచోట్ల సాయం అడిగినందుకు విదేశీ పిల్లల్ని కూడా పక్కన పెట్టరు, చాలాచోట్ల మాత్రం అదీ చూస్తారు అని చెప్పాను.

ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం కామన్ యాప్‌లో తల్లిదండ్రుల చదువు అడిగే చోటికి వచ్చాం. తల్లి ఇంటర్. తండ్రి బీటెక్, 1998.

"పేమెంటు సీటు," అన్నారు తాతగారు మూలనుంచి, మురిపెంగా. "తొంభై నాలుగులో. కాలవ కింద ఎకరంన్నర మాగాణి అమ్మి చేర్పించా."

తండ్రి ఆ మాట పట్టించుకోలేదు. "ఇంట్లో మొదటితరం చదువైతే వాళ్లు ప్రత్యేకంగా చూస్తారటగా?" అని అడిగాడు.

నిజమే. తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ నాలుగేళ్ల డిగ్రీ లేకపోతే ఆ పిల్లల్ని మొదటితరం కింద లెక్కిస్తారు. దారి చెప్పే మనిషి ఇంట్లో లేకుండా ఇంతదూరం వచ్చిన పిల్లకి కాస్త మొగ్గు చూపడం న్యాయమనే నేనంటాను.

"మా ఆవిడది ఎలాగూ ఇంటరే. ఇక నా ఒక్కడి డిగ్రీయే అడ్డం. లేదని పెట్టేద్దామండీ. హైదరాబాద్ వచ్చి నా సర్టిఫికెట్లు ఎవడు చూస్తాడు?"

అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు రద్దుచేస్తారనీ, చేరాక తేలినా ఇంటికి పంపేస్తారనీ చెప్పాను. అలాంటి దరఖాస్తు నా చేతులమీదుగా వెళ్లదనీ చెప్పాను.

"ఒక్క గడి కదండీ," అన్నాడు.

అమ్మాయి మౌస్ మీద చెయ్యి తీసేసింది. మొహం ఎర్రబడింది.

"ఏం రాయమంటున్నాడమ్మా మీ నాన్న?" అని అడిగారు తాతగారు.

"నాన్న ఇంజనీరింగ్ చదవలేదని రాస్తే నాకు సీటొచ్చే ఛాన్సు పెరుగుతుందట తాతయ్యా."

ఆయన నల్లకళ్లద్దాలు తీసి కొడుకు వైపు తిరిగారు.

"ఆ ముక్క తొంభై నాలుగులోనే చెప్పకపోయావురా. మాగాణీ మిగిలేది, పిల్లకి సీటూ వచ్చేది."