వలుగ దవడ

ఆదివారం. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ సందడిలోనే అమెరికా నుంచి మేనల్లుడి ఫోను.

"మామయ్యా, ఇక్కడొక బృందంలో చేరాను. పద్దెనిమిదో శతాబ్దం మనుషుల్లా బట్టలు కట్టుకుని, ఆనాటి పనులు చేసి చూపిస్తాం. చేరడానికి చందా కట్టాలి. నాకు నూలు వడికే పని ఇచ్చారు."

వాడుండేది వర్జీనియా. 1780 దాకా దానికి రాజధానిగా ఉన్న విలియమ్స్‌బర్గ్‌లో పాత ఇళ్లను మళ్లీ నిలబెట్టి, ఇంగ్లండు రాజు ఏలుబడి నాటి బతుకును ఇప్పటికీ కళ్లకు కట్టిస్తారు. మన బొబ్బిలి యుద్ధం జరిగిందీ ఆ కాలంలోనే, 1757లో. ఆ రోజుల్లో మన సీమ నేత బట్ట కుంఫిణీ ఓడలెక్కి సముద్రాలు దాటేది. ఆ సంగతి అక్కడి జనానికి చెప్తానన్నాడు. నాకెంతో సంతోషం వేసింది.

"పొందూరులో వలుగ చేప దవడతో పత్తి దువ్వుతారటగా. ఎవరినైనా అడిగి ఒకటి పంపించవూ?"

మర్నాడే పొందూరు బస్సెక్కాను. తెలిసిన ఇంటికే వెళ్లాను. అరుగు మీద ఆవిడ కొండపత్తి ముందేసుకుని కూర్చుంది. దవడకున్న సన్నటి పళ్లతో గింజను అంటుకున్న దూదిని దువ్వుతోంది. నలుసులన్నీ రాలిపోయి పీచు పట్టులా మెరుస్తోంది. ఆ తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, వడకాలి. నూరో నంబరు నూలు తీసే చేతులవి. ఆ చేతులకు దక్కే కూలి తలుచుకుంటే నాకెప్పుడూ కడుపు తరుక్కుపోతుంది.

వచ్చిన పని చెప్పాను. దువ్వడం ఆపింది.

"డబ్బులు కట్టి సేరినాడా? వడకడానికా?"

"అవును."

చాలాసేపు రాట్నం కేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చేతిలోని దవడను కొంగుతో శుభ్రంగా తుడిచి, గుడ్డముక్కలో చుట్టి నాకిచ్చింది.

"నాదని మాత్రం సెప్పకు బావూ. సిన్నప్పుడు నీసు కంపని నా దగ్గిరికొచ్చీవోడు కాడు."

ఆవిడ వాడి నాయనమ్మ.