ముంగటి చక్రం సప్పుడు: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఏం లేదు సార్, నార్మలే. అయినా బేరింగులు రెండూ మార్చేద్దాం."

అవతారిక: రుద్రంగి నుంచి కథలాపూర్ మీదుగా కోరుట్లకు పోయే దారిలో కారు ఎడమ దిక్కు ముంగటి చక్రం నుంచి సప్పుడు పుట్టగా, చింతాక్రాంతుడైన యజమాని పట్నంలో ఒకానొక సర్వీసు సెంటరును ఆశ్రయించి "ఇదేమి? దీనికి హేతువేమి?" అని అడుగగా, మెడలో కార్డు, చేతిలో ట్యాబు, ముఖాన చిరునవ్వు ధరించిన అడ్వైజరు బండి ఎక్కకయే, చక్రం ముట్టకయే, అసలు ఏసీ గది దాటి బయటికి రాకయే ఈ సూత్రాన్ని అనుగ్రహించెను.

టీక: 'సార్', 'నార్మల్', 'బేరింగు' ఇత్యాదులు సుగమాలు. 'లేదు' అన్న క్రియకు కర్త ఎవరన్నదే చిక్కు. "బండిలో దోషం ఏం లేదు" అని కొందరు అన్వయిస్తారు. అట్లయితే దోషం లేని బండికి బేరింగులు మార్చడమెందుకని పూర్వపక్షి లేస్తాడు; మహావాక్యానికి పరస్పర విరోధం అంటుతుంది. కనుక "నేను చూసింది ఏం లేదు" అని కర్తను అధ్యాహారం చేసుకోవాలి. ఇప్పుడు విరోధం పోయింది, పైగా సత్యం కూడా సిద్ధించింది.

ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ దిక్కు కొల్చారం అంటారు. ఆ ప్రతిజ్ఞను సర్వీసు కౌంటరు వెనక గోడకు రాసిపెడితే ఎస్టిమేటులో సగం వరుసలు వాటంతటవే రాలిపోతాయి.

న్యాయవిచారం: పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు. నిప్పును బట్టి పొగను ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహం పిల్లల కోసమే రాశాడు కాబట్టి ఇది పిల్లలకు తెలిసిన సంగతే. బేరింగు పోతే హోరు వస్తుంది, ఒప్పుకున్నాం. హోరు వచ్చిన చోటల్లా బేరింగు పోయిందనడం ఎట్లా? ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం అట్లాగే హోరెత్తుతుంది. సాధ్యం లేని చోట కూడా దొరికే హేతువును శాస్త్రంలో సవ్యభిచారం అంటారు, బిల్లులో లేబర్ ఛార్జి అంటారు.

అన్వయవ్యతిరేకాలు ఇట్లా పట్టాలి. వేగంతో పాటు హోరు పెరిగి, బండిని కుడికి కోసినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడి ఇంకా పెరిగి, ఎడమకు కోస్తే తగ్గితే ఎడమ బేరింగును అనుమానించాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి రేసు ఇస్తే టక టకమంటే యాక్సిల్ జాయింటు. రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే బూటు చిరిగిందని సాక్ష్యం. స్పీడు బ్రేకరు దగ్గరే లొట లొటమంటే లింకు రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో. బ్రేకు తొక్కగానే సప్పుడు మారితే ప్యాడ్లు చూడాలి.

ఈ దారికి ప్రత్యేకమైనది ఇంకొకటుంది. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వడ్లు ఇంటికి పోతాయి, రాళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. నలిగిన ఒక ముక్క ఎగిరి డిస్కుకూ దాని వెనక రేకుకూ నడుమ ఇరుక్కుంటే చక్రం తిరిగినంతసేపూ గీరుడే. దీనికి ఔషధం స్క్రూడ్రైవరు.

ప్రసక్తానుప్రసక్తం: ఎడమ చక్రం అన్న తర్వాత కర్ణుణ్ణి తలచకుండా ముందుకు పోవడం మహాపాతకం. రుద్రంగి నుంచి చందుర్తి మీదుగా పోతే వచ్చే వేములవాడలోనే కదా, రెండవ అరికేసరి కొలువులో పంపకవి 941 ప్రాంతంలో విక్రమార్జున విజయం రాశాడు! అర్జునుణ్ణి నాయకుణ్ణి చేసి కూడా కర్ణుడి మీది మమకారం దాచుకోలేకపోయాడు. వ్యాసుడి కర్ణపర్వంలో భూమి మింగింది సవ్యచక్రాన్నే, అంటే ఎడమదాన్ని. కారణం విప్రశాపం, వారంటీలోకి రాదు. కర్ణుడు స్వయంగా దిగి ఎత్తితే ఏడు దీవులతో సహా భూమి నాలుగంగుళాలు లేచింది, చక్రం మాత్రం ఊడిరాలేదు. జాకీ లేకుండా అంత ఎత్తినవాడు ఇంకొకడు లేడు.

మరి శల్యుడేం చేస్తున్నట్టు? అశ్వవిద్యలో కృష్ణుడికి సాటి అని పేరు మోసిన సారథి. ప్రయాణం పొడుగునా యజమానిని మాటలతో పొడిచాడే గాని చక్రం దగ్గరికి దిగలేదు. పగ్గాలు వదిలితే గుర్రాలు బెదురుతాయని ఆయన పక్షంవారు వాదిస్తారు. పోనీ, చక్రరక్షకులేరి? ఆ రోజుల్లో ఒక్కో చక్రానికి ఒక్కో యోధుడు కాపలా. అర్జునుడికి యుధామన్యుడు, ఉత్తమౌజుడు ఆ పని చేశారు. కర్ణుడి రథం దిగబడే వేళకు చుట్టూ సేనే చెదిరిపోయింది. ఇంతకూ మనం అడ్వైజరు గారిని కౌంటరు దగ్గరే నిలబెట్టి కురుక్షేత్రం వచ్చేశాం.

విశేషం: వారు చెప్పినట్టే బేరింగులు రెండూ మార్పించాం. పాతవి చూపించమంటే స్క్రాప్‌కు పోయినయన్నారు. డబ్బు అక్కడ ఉండిపోయింది, సప్పుడు మాత్రం మాతో పాటు రుద్రంగికి వచ్చింది. పని రాకపోవడం నేరమని ఎవరూ అనరు. వినకుండానే చెప్పడం, చెప్పింది తప్పయితే ఇంకో సామాను పేరు చెప్పడం, ఆ తప్పుల వరుసకు మనచేత డబ్బు కట్టించడం, ఇదీ బాధ. చక్రం నట్లు వదులైనా ఇట్లాంటి సప్పుడే వస్తుంది. దానికీ నార్మలని చెప్పి పంపితే వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలు.

రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మెకానిక్కు మొదట అడిగేది "ఎప్పుడొస్తది సప్పుడు? సక్కగ పోతాంటెనా, మలిపితెనా?" అని. అడిగి, చేతులు తుడుచుకుని, పక్క సీట్లో కూర్చుంటాడు. తిరిగొచ్చి జాకీ ఎక్కించి, టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి కుదిపి చూస్తాడు. ఆ తర్వాతే రేటు మాట.

తాత్పర్యం: బండిలో ఏమీ లేదు, మీ జేబులో ఉన్నది బేరింగులకు సరిపోతుంది. ఇది మూలకర్త హృదయం. వ్యాఖ్యాత చెప్పేది: జాబు కార్డు మీద సంతకం పెట్టేముందు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరిగి రండి. రానంటే తాళంచెవి ఇవ్వకండి.