ఐడియా కావాలా? బావమరిదిని అడగండి

మొత్తానికి వ్యాపారం పెట్టాలనే అనుకున్నారన్నమాట. మంచిదే. వ్యాపారానికి డబ్బు, అనుభవం, ఐడియా ఉండాలంటారు. మొదటి రెండూ లేకుండానే షట్టరు ఎత్తవచ్చని మన ఊళ్లలో ఎంతోమంది ఇప్పటికే చేసి చూపించారు. మూడోది మాత్రం తప్పదు. అయితే దాన్ని సొంతంగా ఆలోచించే పని పెట్టుకోకండి. ఐడియా మీదే అయితే రేపు మునిగినప్పుడు తిట్టుకోవడానికి మనిషి దొరకడు. ఐడియా ఎప్పుడూ ఇంకొకరిదై ఉండాలి. ఆ ఇంకొకరు భార్య తరఫు బంధువైతే మరీ మంచిది.

ఐడియాలు పుష్కలంగా దొరికే చోటు పెళ్లి భోజనాలు. పప్పుకీ పెరుగుకీ మధ్య ఎక్కడో మీ బావమరిది గొంతు తగ్గించి, "బావా, మనకు తెలిసినాయన ఒకాయన నెలకు రెండు లక్షలు మిగులుస్తున్నాడు" అంటాడు. ఆయన పేరేమిటని అడగకండి. ఆ తెలిసినాయనను ఇంతవరకూ కళ్లారా చూసినవాళ్లు లేరు. ఒక పెళ్లినాటికి ఆయన మినరల్ వాటర్ ప్లాంటు నడుపుతుంటాడు, ఇంకో పెళ్లినాటికి పుట్టగొడుగులు పెంచుతుంటాడు, మూడో పెళ్లికి కౌజు పిట్టల్లోకి దిగుతాడు. ఎన్ని చేసినా ఉండేది మాత్రం పక్క జిల్లాలోనే.

చేతులు కడుక్కున్నాక లెక్క మొదలవుతుంది. బావమరిది ఫోన్‌లో కాలిక్యులేటర్ తీస్తాడు. టీ కప్పు 20 రూపాయలు. ఖర్చు 6. మిగిలేది 14. రోజుకు 500 కప్పులు, నెలకు 30 రోజులు. మొత్తం 2,10,000. ఈ లెక్కలో వాన పడదు. టీ మాస్టరు చెప్పాపెట్టకుండా ఊరికి పోడు. పాలు విరగవు. షట్టరుకు అద్దె కూడా ఉండదు, ఎందుకంటే ఆ సంగతి ఆయన మరిచిపోయాడు. గుర్తుచేయకండి. శుభమా అని పెళ్లికి వచ్చి అద్దె మాటలెందుకు?

పెళ్లిళ్ల సీజన్ కాకపోతే వీధిలోకి వెళ్లండి. ఏ కొట్టు ముందు జనం మూగారో చూడండి. దాని పక్క షట్టరు ఖాళీగా ఉందా? వెతకడం అయిపోయింది, అడ్వాన్సు ఇచ్చేయండి. యెమెన్ వంటకం మండీ మన దగ్గర పాకింది ఇలాగే. హైదరాబాద్ బార్కస్‌లో ఉండేది ఒకప్పుడు నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బుల వారసులు. మన దగ్గర మండీకి పుట్టిల్లు ఆ పేటే. అక్కడ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినే తిండిని ఊరంతా ఇష్టపడింది. ఇష్టపడినవాడు తిని ఊరుకోవచ్చు కదా! ఒకరిని చూసి ఒకరు పెట్టారు. ఊరు దాటి హైవే ఎక్కింది, జిల్లా కేంద్రాలకు చేరింది. అందరూ అదే పెడితే మనది వేరుగా కనిపించాలి గనుక జైలు ఊచల వెనక కూర్చోబెట్టి వడ్డించే మండీలు కూడా వచ్చాయి. ఈ ముచ్చట యెమెన్‌లో ఎవరూ వినకుండా ఉంటే బాగుండు.

ఇంత సుఖమైన దారి ఉండగా కొందరు సొంత బుర్రకు పని చెబుతారు. యువత చెడిపోకుండా ఉండాలంటే అలాంటివాళ్ల కథ కూడా ఒకటి చెప్పాలి. నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి బెంగళూరులో ఇంజినీరుగా పనిచేస్తున్న ఫణీంద్ర సామాకు 2005 దీపావళికి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. బుద్ధిమంతుడైతే ఇంటికి ఫోన్ చేసి, "సంక్రాంతికి వస్తానమ్మా" అని దుప్పటి కప్పుకునేవాడు. ఈయన మాత్రం బస్సులో సీటు ఉందో లేదో ఏజెంటుకు ఎందుకు తెలియదని ఆరా తీశాడు. తేలిందేమిటంటే ఒక్కో ఏజెంటు దగ్గర కొన్నేసి సీట్లు, మిగతా వాటికి ఆపరేటరుకు ఫోన్ కొట్టాలి. ఒకచోట సీట్లు ఖాళీగా పోతుంటే ఇంకోచోట జనం తిరిగిపోతున్నారు. ఇద్దరు మిత్రులతో కలిసి 2006లో ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టాడు, 2013లో దాన్ని ఇబిబో అనే కంపెనీ కొనుక్కుంది. చూశారుగా, ఒక టికెట్ కోసం ఇన్నేళ్ల శ్రమ! బావమరిదిని అడిగి ఉంటే తత్కాల్ తీసిపెట్టేవాడు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2015లో వచ్చిన ముద్రా పథకంలో తాకట్టు లేకుండా 10 లక్షల దాకా అప్పిచ్చేవారు, 2024లో దాన్ని 20 లక్షలకు పెంచారు. పై మొత్తం ముందటి అప్పు సరిగ్గా తీర్చినవాళ్లకే. కనుక ఆ నిబంధన మీరు చదవక్కర్లేదు. బ్యాంకుకు ప్రాజెక్ట్ రిపోర్టు కావాలి. అది ఆడిటరు గారి కంప్యూటర్‌లో సిద్ధంగానే ఉంటుంది, పేరు మార్చి ప్రింటు తీస్తారు. సంతకం పెట్టేముందు 'దాణా ఖర్చు' అనే వరుస ఉందేమో ఒకసారి చూసుకోండి. మీరు పెడుతున్నది జిరాక్స్ సెంటర్ కావచ్చు.

ఇక అసలు పాఠం, ఈము పాఠం. దీన్ని మాత్రం నిదానంగా చదవండి.

ఈము ఆస్ట్రేలియా పక్షి. దాదాపు మనిషంత ఎత్తు, నలభై యాభై కిలోల బరువు. ఎగరలేదు, కానీ మీకంటే వేగంగా పరుగెత్తుతుంది. ముదురాకుపచ్చ గుడ్డు అరకిలో పైచిలుకు తూగుతుంది. తొంభైల చివర్లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో ఫారాలు మొదలయ్యాయి. మాంసంలో కొవ్వు తక్కువన్నారు, నూనె కీళ్ల నొప్పులకన్నారు, తోలు బ్యాగులకన్నారు, ఈకలు కూడా అమ్ముడుపోతాయన్నారు. పక్షిలో పారేసేది ఏదీ లేదన్నారు. నిజమే. లేనిదల్లా దాన్ని కొని వండుకునేవాడు.

అయినా కొన్నేళ్లు డబ్బు ఆడింది. ఎలాగో చూడండి. ఒక రైతు ఈము పిల్లల జత కొన్నాడు. అవి పెరిగి గుడ్లు పెట్టాయి. పొదిగించి, ఆ పిల్లలను కొత్తగా ఈములోకి దిగిన ఇంకో రైతుకు అమ్మాడు. ఆయన మరో కొత్తాయనకు. కొత్తాయన వస్తున్నంతకాలం పక్షి ధర పక్షికి ఉంది. మాంసం కొట్టు గడప తొక్కే అవసరమే ఎవరికీ రాలేదు. తమిళనాడులో కొన్ని కంపెనీలు ఇంకాస్త సౌకర్యం కల్పించాయి: డిపాజిట్ మీరు కట్టండి, పిల్లలు మేమిస్తాం, దాణా మేమిస్తాం, పెంచినందుకు నెలనెలా డబ్బూ మేమే ఇస్తాం అన్నాయి. ఇన్నీ వాళ్లే ఇస్తే వాళ్లకేం మిగులుతుందని అడగడం మర్యాద కాదు గనుక ఎక్కువమంది అడగలేదు. 2012లో ఈరోడ్ జిల్లా పెరుందురైలో వాటిలో పెద్దదొకటి కూలిపోయింది. డిపాజిటర్లు పోలీసు స్టేషన్‌కు, పక్షులు పశుసంవర్ధక శాఖ పోషణకు చేరాయి. మన వైపూ దాణా ఖర్చు మోయలేక కొందరు రైతులు వాటిని వదిలేశారు.

ఇందులో నష్టపోయినవాళ్ల గురించే అందరూ రాశారు. మన గైడుకు కావలసింది రెండో వర్గం. మొదట్లో పిల్లలు అమ్మి పక్కకు తప్పుకున్నవాళ్లున్నారే, వాళ్లకు అసలు ఐడియా తెలుసు. వాళ్లకంటే ముందు టేకు మొక్కల పథకాలు అమ్మినవాళ్లకూ తెలుసు. ఔషధ మొక్క సఫేద్ ముస్లి విత్తనం అమ్మినవాళ్లకూ, డీజిల్ మొక్క జట్రోఫా నారు అమ్మినవాళ్లకూ తెలుసు. పెంచినవాడు పంట వచ్చేదాకా ఆగాలి, నారు అమ్మినవాడికి ఆ రోజు సాయంత్రమే డబ్బులు.

కాబట్టి మీరు పెంచకండి, శిక్షణ ఇవ్వండి. ఆదివారం చూసుకుని ఏసీ హాలు మాట్లాడండి. ఫ్లెక్సీ మీద మీ ఫోటో, పక్కన రూపాయి గుర్తు, వెనక పచ్చటి పొలం. ఫీజు ముందే కట్టించుకోండి, సర్టిఫికెట్ మాత్రం చివర్లో ఇవ్వండి, లేకపోతే మధ్యలో లేచిపోతారు. పెట్టుబడి, దిగుబడి రెండూ పెద్ద అక్షరాల్లో స్క్రీన్ మీద వేయండి, తెగులు చిన్నక్షరాల్లో వేయండి. "పెంచినదంతా మళ్లీ మేమే కొంటాం" అని మైకులో చెప్పండి, కాగితం మీద రాయకండి. మధ్యాహ్నానికి వెనక వరుసలో తలపాగా పెద్దాయన ఒకాయన లేచి, "అంతా బాగానే ఉంది నాయనా, తినేదెవరు?" అంటాడు. కంగారు పడకండి. "ఎక్స్‌పోర్ట్ సార్" అనండి, వెంటనే భోజన విరామం ప్రకటించండి.

భోజనంలో బిర్యానీ ఉండాల్సిందే. మీరు అమ్ముతున్న పక్షి ఏదైనా సరే, బిర్యానీలోకి మాత్రం కోడినే తెప్పించండి.