ఎండ కాసే శనివారం చూసుకుని వెళ్తారట!

అప్పలాచియన్ ట్రెయిల్ మొత్తం నడుస్తామంటూ మన తెలుగు పిల్లలు ఈమధ్య అట్లాంటాలో నా దగ్గరికి సలహాకి వస్తున్నారు. జార్జియాలో స్ప్రింగర్ కొండ మీద మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్‌లో కటాడిన్ శిఖరం దాకా దాదాపు 2,190 మైళ్ల దారి. ఉద్యోగానికి ఐదారు నెలలు సెలవు పెట్టి ఇంత పనికి పూనుకుంటున్నారంటే నాకు గర్వంగానే ఉంటుంది. నా కోపమంతా వాళ్ల రిహార్సల్ మీదే. బయల్దేరే ముందు మొత్తం సామాను వీపున వేసుకుని రెండు రాత్రులు కొండల్లో గడిపి చూసుకోవాలి కదా, దాన్ని పిక్నిక్ చేసి పారేశారు.

మా రోజుల్లో వాన కబురు వింటే బ్యాగు సర్దేవాళ్లం. ఫిబ్రవరి ఆఖర్లో ఉత్తర జార్జియా కొండల మీద వాన, మంచు, ఈదురుగాలి ఒక్కోసారి ఒకే రోజున దిగుతాయి. మార్చిలో ట్రెయిల్ ఎక్కేవాడికి ఎదురయ్యేది కూడా అదే. ఇప్పుడో? శుక్రవారం రాత్రి ఫోన్లో వాన గుర్తు కనిపిస్తే చాలు, "వచ్చే వారం వెళ్దాం అంకుల్" అంటారు. ఎండ కాసే శనివారం చూసుకుని, సగం సామానుతో, ఇంట్లో కలిపిన పులిహోర డబ్బాతో వెళ్లి, ఒక్క రాత్రి పడుకుని వచ్చేస్తారు. వానొస్తే డేరా ఏమవుతుందో, చేతులు కొంకర్లు పోతే స్టవ్వు వెలుగుతుందో లేదో తెలియకుండానే అసలు ప్రయాణానికి బయల్దేరతారు.

మా సామాను బరువే, ఒప్పుకుంటాను. అల్యూమినియం ఫ్రేము బ్యాగు, తోలు బూట్లు, ఇత్తడి స్టవ్వు, దానికో ఇంధనం సీసా. భుజాలు ఒరుసుకుపోయేవి. ఆ బరువు మళ్లీ మోయమని ఎవరికీ చెప్పను. ఇప్పటి పిల్లలు అందులో సగంతో సర్దుకుంటున్నారు, మోకాళ్లకి అదే మంచిది. కానీ మా మోటు సామాను వాడటం సరిగ్గా రానివాణ్ని కూడా కాపాడేది. ఈ తేలిక సామానుకి ఆ ఓర్పు లేదు. కాబట్టి రిహార్సల్ మాకంటే వీళ్లకే ఎక్కువ కావాలి. చేస్తున్నది మాత్రం తక్కువ.

నడిచే కర్రల మీద నిలబెట్టే ఆ పల్చటి నైలాను డేరానే చూడండి. నైలాను తడిస్తే సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించిన గుడ్డ అర్ధరాత్రికి జారి ముఖానికి ఆనుతుంది, స్లీపింగ్ బ్యాగు కాళ్ల దగ్గర తడవడం మొదలవుతుంది. అప్పుడు వానలోకి పరుగెత్తి తాళ్లు లాగనక్కర్లేదు, లోపల పడుకునే ఉండి, కర్రని కాస్త పొడిగిస్తే గుడ్డ మళ్లీ బిగుస్తుంది. ఈ కిటుకు తడిసిన రాత్రి నేర్పేదే తప్ప షాపువాడు చెప్పేది కాదు.

నీళ్ల ఫిల్టరు ఇంకా ప్రమాదం. దాని లోపల సన్నటి బోలు పోగులుంటాయి. ఒకసారి వాడి తడిసిన ఫిల్టరు చలికి గడ్డకడితే ఆ పోగులు చిట్లిపోవచ్చు. పైకి ఏమీ కనిపించదు. నీళ్లు ఎప్పటిలాగే వస్తుంటాయి, క్రిములు మాత్రం ఆగవు. అందుకే గడ్డకట్టే రాత్రి దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒంటి పక్కనే పెట్టుకుని పడుకోవాలి. ఫోను కూడా అంతే, చలికి బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది, మ్యాపు అందులోనే ఉంటుంది. మేం కాగితం మ్యాపు జేబులో పెట్టుకునేవాళ్లం. వీళ్లనీ పెట్టుకోమంటే నవ్వుతారు.

రిహార్సల్ ఎందుకంటూ ఎమ్మా గేట్‌వుడ్ పేరు చెప్పి నాతో వాదిస్తారు కూడా. ఒహాయోకి చెందిన ఆవిడ, 11 మంది పిల్లల తల్లి, 67 ఏళ్ల వయసులో, 1955లో, తను కుట్టుకున్న డెనిమ్ సంచీ భుజాన వేసుకుని, మామూలు గుడ్డ బూట్లతో ట్రెయిల్ మొత్తం నడిచారు. నిజమే. మరి 1954 సంగతి? ఆ ఏడు ఆవిడ కటాడిన్ వైపు నుంచి మొదలుపెట్టి, దారి తప్పి, కళ్లజోడు పగిలి, ఇంటికి తిరిగి వెళ్లారు. మరుసటేడు దక్షిణం కొస నుంచి మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేశారు. ఆ మొదటి ప్రయాణం నేర్పింది లేకుండా రెండోదాని గురించి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

రిహార్సల్ ఎగ్గొట్టిన ఫలితం ట్రెయిల్ మీద త్వరగానే బయటపడుతుంది. స్ప్రింగర్ నుంచి 31వ మైలు దగ్గర, బ్లడ్ మౌంటెన్ దిగగానే నీల్ గ్యాప్ అనే కనుమ వస్తుంది. అక్కడి రాతి కట్టడం మధ్యలోంచే ట్రెయిల్ వెళ్తుంది. బ్యాగులు బోర్లించి, అక్కర్లేని సామానంతా పార్సిల్ కట్టి ఇంటికి పంపే చోటు అది. నడక మానేసి అక్కణ్నుంచే కారెక్కేవాళ్లూ ఉంటారు. ఫిబ్రవరిలో రిహార్సల్ నుంచి వచ్చాక ఇంట్లో చాప మీద సామాను పరుచుకుని తేల్చుకోవాల్సిన లెక్క, నెలల ఆశ పెట్టుకుని వచ్చిన పిల్లవాడికి అక్కడ తేలుతుంటే చూడటం బాధగా ఉంటుంది.

తిండి సంగతీ అంతే. మేం రిహార్సల్లోనూ అటుకులు, వేయించిన రవ్వ, కందిపొడి, పల్లీ చిక్కీయే తినేవాళ్లం. కందిపప్పు ఉడికేలోగా ఇంధనం అయిపోతుందనీ, ఎర్రపప్పయితే తొందరగా మెత్తబడుతుందనీ అక్కడే తెలిసేది.

ఈ ఫిబ్రవరిలో వాన సూచన ఉన్న శనివారమే రండి. నీల్ గ్యాప్ నుంచి యునికాయ్ గ్యాప్ దాకా, 20 మైళ్ల పైచిలుకు, రెండు రాత్రులు. మార్చిలో ఏది మోస్తారో అదంతా, నాలుగు రోజుల తిండితో సహా, వీపున ఉండాలి. షెల్టరు ఖాళీగా ఉన్నా డేరాలోనే పడుకోండి. తెల్లవారాక తడి డేరా మడిచి, తడి సాక్సు తొడుక్కుని మళ్లీ నడవండి. ఒక్క రాత్రి ట్రిప్పులో మీరు ఎగ్గొడుతున్నది ఆ రెండో ఉదయాన్నే. అంతగా కుదరకపోతే దారి మధ్యలో హాగ్‌పెన్ గ్యాప్ దగ్గర రోడ్డు తగులుతుంది. నేను కారుతో అక్కడే ఉంటాను.