నల్ల తామరను మార్కెటింగ్ శాఖలో వేయండి

వైరా చుట్టుపక్కల మిర్చికి ధర పలికించిన అధికారి నాకు తెలిసి ఒక్కరే. జీతం అడగలేదు, జీపు అడగలేదు, సమీక్షా సమావేశం పెట్టలేదు. ఒడ్డూ పొడుగూ మిల్లీమీటరు అటూ ఇటూ, రంగు నలుపు, ఆఫీసు మిరప పువ్వు. పేరు నల్ల తామర పురుగు.

2015లో బెంగళూరు బొప్పాయి తోటల్లో బయటపడ్డ ఈయన, 2021-22లో మన మిర్చి మీద ఛార్జి తీసుకున్నారు. పూతలో దూరి కూర్చున్నారు. పూత రాలింది, కాయ నిలవలేదు. రైతు దుకాణంవాడు ఏ డబ్బా చేతిలో పెడితే అది కొట్టాడు. పువ్వు లోపలున్న దొరగారికి మందు తగల్లేదు, ఆయన్ను తినే మిత్ర పురుగులు మాత్రం చచ్చాయి. నీలి రంగు జిగురు అట్టలు కట్టమని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు, కృషి విజ్ఞాన కేంద్రం వైరాలోనే ఉంది. కానీ అట్ట అమ్మితే దుకాణానికి ఏం మిగులుతుంది?

బీమా ఉంది కదా అంటారేమో. ఫసల్ బీమా నుంచి తెలంగాణ రాష్ట్రం 2020లోనే తప్పుకుంది. పురుగు ఆ మరుసటి ఏడే దిగింది. ఆయన ముహూర్తాలు అలా ఉంటాయి.

సరుకు తగ్గింది. 2023 వేసవికి ఖమ్మం మార్కెట్లో తేజ రకం క్వింటాలు పాతిక వేల దాకా ఎక్కింది. పేపర్లో జెండా పాట చూసి ఊరంతా మురిసింది. జెండా పాట ఆ రోజు యార్డులోకెల్లా మేలైన సరుకుకు. మనవాడి బస్తా విప్పగానే తేమ, తాలు, తరుగు అని దండకం మొదలవుతుంది. అసలు ఆ ధర పలికే వేళకు చాలామంది చేతిలో అమ్మడానికి కాయే లేదు. అమెరికాలోనూ ఇంతే. సాలినాస్ లోయలో 2022లో తామర పురుగులు మోసిన వైరస్ లెట్యూస్ తోటల్ని కాల్చేస్తే, మిగిలిన పెట్టెల ధర చుక్కలనంటింది.

పాతిక వేలు విని మనవాళ్లు మళ్లీ మిర్చే వేశారు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చేలు తడిపి తన వాటా తాను తీసుకుంది. 2025 ఫిబ్రవరికి తేజ 14 వేల దరిదాపులకు జారింది.

ఇక పంట విరగపండితే ఏమవుతుందో 2017లో చూశాం. ధర కుప్పకూలింది. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో కడుపు మండిన రైతులు ఆఫీసు మీద పడ్డారు. మే మొదట్లో క్వింటాలుకు 5,000 ఇస్తామని కేంద్రం ప్రకటించింది. అదే నెలలో ఆ రైతుల్ని కోర్టుకు బేడీలతో తెచ్చారు. ఆ తర్వాత బేడీలు వేసినవాళ్ల మీద చర్యలన్నారు. చేలకు చేలు మింగిన నల్ల తామర మీద ఇంతవరకు ఒక్క కేసూ లేదు.

కాబట్టి అయ్యా, ఆయన్ను మార్కెటింగ్ శాఖలోకి తీసుకోండి. ధర పెంచడం వచ్చినవారు ఆయనొక్కరే. పంటను బతకనిచ్చి ధర నిలపడం మాత్రం ఆయనకూ రాదు, మీకూ రాలేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో మిర్చి నేటికీ లేదు.