సున్నాకి సున్నా కలిపితే సున్నాయే!
(కాకినాడ తీరాన, గోదావరి మొగల దాపున వెంచర్ వేయదలచినవారికి అనుభవజ్ఞుడి చిట్కాలు)

1. ముందు అన్నదమ్ములను విడదీయండి. నిర్మాణం 20,000 చదరపు మీటర్లయితే పర్యావరణ అనుమతి తెచ్చుకోమంటుంది 2006 నోటిఫికేషన్. అందుకని అన్న పేర 19,000, తమ్ముడి పేర 19,000, బావమరిది పేర మరో 19,000. గేటు ఒక్కటే, కాపలావాడు ఒక్కడే, ఫైళ్లు మాత్రం మూడు. ఉమ్మడి కుటుంబం విడిపోయిందని ఊరు బాధపడుతుంది. పడనివ్వండి.

2. పొరపాటున హద్దు దాటి ఆ అనుమతి దరఖాస్తు, ఫారం 1, నింపాల్సి వస్తే తొమ్మిదో భాగం దగ్గర జాగ్రత్త. చుట్టుపక్కల ఉన్నవాటితో, రాబోయేవాటితో కలిపితే ప్రభావమెంత అని అక్కడ అడుగుతారు. ఫారం మొత్తంలో తెలివైన ప్రశ్న అదొక్కటే. 'లేదు' అని రాసేసి పేజీ తిప్పేయండి.

3. మడచెట్టు మీద గొడ్డలి వేయకండి, ఫోటోలు తీస్తారు. పోటు నీళ్లొచ్చే పాయకు అడ్డంగా గ్రావెల్ రోడ్డు పోయించి, తూములు పెట్టడం మరిచిపోండి. మడ దానంతటదే ఎండుతుంది. తీర నియంత్రణ రూలు ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు మించిన మడకైతే చుట్టూ 50 మీటర్లు వదలాలి. అది ఎండి ఎండి పీలికలయ్యాక ఆ బాధా ఉండదు. ఒండ్రును పట్టి ఉంచే వేళ్లు, రొయ్యపిల్ల తలదాచుకునే నీడ పోతాయంటారు కొందరు. రొయ్యపిల్ల పేర పట్టా ఉందేమో అడగండి.

4. పోటు నీరు ఎంతవరకు వస్తుందో తేల్చే ఉప్పు పరీక్ష ఆగస్టులో చేయించండి. ఏడాదిలో బాగా ఎండిన కాలంలో వెయ్యి పాళ్ల నీటిలో అయిదు పాళ్ల ఉప్పు ఎంతవరకు ఉంటే అంతవరకు పోటు నీరేనని అదే రూలు. ఎండిన కాలం అన్న మాట అధికారులు చదవకపోతే మీ అదృష్టం. వరద గోదారిలో గ్లాసు ముంచితే కమ్మటి నీళ్లే. అదే నీటిలో పులస ఎదురీదుతూ కనిపిస్తే పలకరించకండి. సముద్రం నుంచి వస్తున్నానని చెప్పేస్తుంది.

5. మురుగుకి ఇంటికో గొట్టం, కాలనీకో కాలువ చాలు. ఒక్క కాలనీ మురుగుకి మొగ చచ్చిపోతుందా? నాచు పెరిగి, అది కుళ్లి, నీటిలో గాలి చాలక చేపలు తేలితే చెరువుల రైతుల మీదికి తోసేయండి. వాళ్లు ఫ్యాక్టరీ మీదికి తోస్తారు. ఫ్యాక్టరీ తిరిగి మీ మీదికే తోస్తుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ ఎవరూ దొరకరు.

6. మెరక విషయంలో మొహమాటం వద్దు. పక్కవాడు మూడడుగులు లేపితే మీరు నాలుగు లేపండి. రోడ్డువాళ్లు అయిదు లేపుతారు. వాన నీరు ఎటు పోతుందని దిగులా? పల్లంలో మత్స్యకారుల పేట తాతలనాటి నుంచీ ఉంది. నీళ్లతో బతకడం వాళ్లకి అలవాటేగా!

7. చరిత్ర చదివేవాణ్ణి సేల్స్‌లో పెట్టుకోకండి. ఓడలు కట్టిన కోరింగ రేవు 1839 తుపానులో కొట్టుకుపోయి మళ్లీ పూర్వంలా లేవలేదని కొనేవాళ్ల ముందు వాగుతాడు. కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డుగోడ అని, అది గోదావరి తెచ్చిన ఇసుకేనని, ఎగువ డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోందని కూడా అంటాడు. డ్యాములు మనం కట్టామా?

8. చివరిది, అసలైనది. ఏ ఫైలు తీసినా 'ప్రభావం సున్నా' అనే ఉండాలి. వంద ఫైళ్లలో వంద సున్నాలు. ఎన్ని కలిపినా సున్నాయే అవుతుందని రెండో తరగతి పిల్లాడూ చెబుతాడు.

నీళ్లు మాత్రం బడికి పోలేదు. ఓ రాత్రి పోటూ వానా ఒక్కసారే వచ్చి మీ గడప ఎక్కితే కంగారుపడకండి. ఏ ఫైలు తాలూకు నీళ్లో నంబరు చెప్పమని నిలదీయండి. చెప్పలేవు. మంచం మీదికెక్కి ప్రశాంతంగా కూర్చోండి, కేసు మీరు గెలిచినట్టే.